నాలుగేళ్ళ బాబు గుండెలో మర్మర్ వినిపిస్తోందన్నారు: ఎంతవరకు ఆందోళన పడాలి?

ఏలూరు_తల్లి

అందరికీ నమస్కారం. మా బాబుకు నాలుగేళ్ళు నిండాయి. జ్వరం వచ్చిందని పిల్లల డాక్టరు గారి దగ్గరకు తీసుకువెళితే, ఆయన ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, గుండె చప్పుడుతో పాటు మర్మర్ వినిపిస్తోందని చెప్పారు. జ్వరం పూర్తిగా తగ్గిన రెండు వారాల తరువాత మళ్ళీ తీసుకురమ్మన్నారు. చీటీ మీద ‘సిస్టాలిక్ మర్మర్, గ్రేడ్ 2/6’ అని రాశారు. కంగారు పడవలసిందేమీ లేదని ఒక్క మాట అన్నారు గానీ, బయట పేషెంట్లు చాలామంది ఉండటంతో వివరంగా అడిగే వీలు కలగలేదు.

బాబు పుట్టినప్పుడు ఏ ఇబ్బందీ లేదు. బాగానే తింటాడు, పరుగెత్తుతాడు, సైకిల్ తొక్కుతాడు. ఇప్పటివరకు టీకాలకు వెళ్ళినప్పుడు ఏ డాక్టరూ ఈ మాట చెప్పలేదు. మా అత్తగారు ఆ రోజు నుంచి వాడిని పరుగెత్తనివ్వడం లేదు. మా వారు రెండు వారాలు ఆగడం ఎందుకు, రేపే విజయవాడ వెళ్ళి స్కానింగ్ చేయిద్దాం అంటున్నారు. మర్మర్ అంటే గుండెలో రంధ్రం ఉన్నట్టేనా? ఇంతకాలం లేనిది ఇప్పుడెలా వచ్చింది? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

పిల్లల_వైద్యురాలు_వరంగల్

అమ్మా, బాబును నేను చూడలేదు కనుక రోగ నిర్ధారణ చేయడం నాకు తగదు. అయితే మీరు రాసిన వివరాలు ధైర్యాన్నిచ్చేవిగా ఉన్నాయని మాత్రం చెప్పగలను.

గుండె కొట్టుకునేటప్పుడు కవాటాలు మూసుకోవడం వల్ల ‘లబ్, డబ్’ అని రెండు శబ్దాలు వస్తాయి. ఆ రెండింటి మధ్య రక్తం ప్రవహించే సన్నని హోరు కూడా వినిపిస్తే దాన్ని మర్మర్ అంటాము. అది ఒక శబ్దం మాత్రమే, జబ్బు పేరు కాదు. కాలువలో నీరు ఇరుకైన చోట గాని, ఉద్ధృతి పెరిగినప్పుడు గాని చప్పుడు చేసినట్టే, రక్తం సన్నని రంధ్రం గుండా పోయినా హోరు వినిపిస్తుంది, పూర్తిగా ఆరోగ్యకరమైన గుండెలో కొంచెం వేగంగా ప్రవహించినా వినిపిస్తుంది. పిల్లల ఛాతీ గోడ పలుచగా ఉండటం వల్ల పెద్దవాళ్ళలో వినిపించనిది వాళ్ళలో స్పష్టంగా వినిపిస్తుంది. బాల్యంలో ఏదో ఒక సమయంలో జాగ్రత్తగా వింటే సగానికి పైగా పిల్లల్లో మర్మర్ దొరుకుతుంది. పుట్టుకతో గుండె లోపం ఉండేది మాత్రం దాదాపు నూటికి ఒకరిలో. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే, మర్మర్ ఉన్న పిల్లల్లో అత్యధికులకు గుండె జబ్బు లేదని మీకే అర్థమవుతుంది.

మూడు నుంచి ఆరేళ్ళ పిల్లల్లో అన్నిటికన్నా తరచుగా వినిపించేది స్టిల్స్ మర్మర్. జార్జ్ ఫ్రెడరిక్ స్టిల్ అనే ఇంగ్లండు పిల్లల వైద్యుడు 1909లో దీన్ని వర్ణించాడు. బిగించిన తీగను మీటినట్టు కొంత సంగీతపు ధ్వనితో ఉంటుంది. పిల్లవాడిని పడుకోబెడితే గట్టిగా, నిలబెడితే సన్నగా వినిపిస్తుంది. జ్వరం వచ్చినప్పుడు గుండె వేగంగా, బలంగా కొట్టుకుంటుంది కనుక అంతకుముందు చెవికి అందని మర్మర్ అప్పుడు బయటపడుతుంది. మీ డాక్టరు గారు జ్వరం తగ్గాక మళ్ళీ వింటాననడం ఇందుకే. గతంలో టీకాలు వేసిన డాక్టర్లు చూడకుండా వదిలేశారని అనుకోనవసరం లేదు.

గ్రేడ్ గురించి కూడా చెబుతాను. శామ్యూల్ లెవిన్ అనే అమెరికా వైద్యుడు 1933లో మర్మర్ ఎంత గట్టిగా వినిపిస్తోందన్న దాన్ని బట్టి ఆరు మెట్లు ఏర్పరిచాడు. ఒకటి, రెండు చాలా మెల్లని శబ్దాలు. నాలుగు నుంచి ఛాతీ మీద అరచేయి పెడితే అదురు తెలుస్తుంది. చీటీలో ‘2/6’ అంటే ఆరింటిలో రెండవ మెట్టు అని అర్థమే తప్ప గుండె రెండు వంతులు చెడిందని కాదు. చాలామంది తల్లిదండ్రులు ఆ అంకెను అలా చదివి ఏడుస్తూ వస్తారు, అందుకే ఇంతగా వివరిస్తున్నాను.

శబ్దం గట్టిదనం జబ్బు తీవ్రతకు కొలమానం కూడా కాదు. చిన్న రంధ్రం పెద్ద హోరు చేయవచ్చు, పెద్ద రంధ్రం దాదాపు నిశ్శబ్దంగా ఉండవచ్చు. అందువల్ల మేము శబ్దం ఒక్కటే వినము. అది గుండె ముడుచుకునే దశలో (మీ చీటీలోని ‘సిస్టాలిక్’ అంటే ఇదే) వస్తోందా, విప్పారే దశలో వస్తోందా, రెండవ చప్పుడు మామూలుగా ఉందా, తొడ మొదట్లో నాడి చేతికి అందుతోందా, కాలేయం పెరిగిందా, బరువు ఎలా ఉంది అని అన్నీ చూస్తాము. విప్పారే దశలో వినిపించే మర్మర్‌ను, గరుకుగా మూడవ మెట్టు దాటిన మర్మర్‌ను, నిలబడితే పెరిగే మర్మర్‌ను ఎప్పుడూ తేలికగా తీసుకోము.

అనంతపురం_తండ్రి

డాక్టరు గారి మాటలు నాకు ఎన్నో సంగతులు గుర్తు చేశాయి. మా పాపకు జబ్బు ఉన్న మర్మరే. ఏలూరు సోదరికి భయం కలిగించడానికి కాకుండా, తేడా ఎలా ఉంటుందో కొత్త తల్లిదండ్రులకు తెలియాలని రాస్తున్నాను.

పాప పుట్టినప్పుడు పరీక్షించి గుండె బాగుందన్నారు. నెల దాటాక పాలు తాగడంలో మార్పు వచ్చింది. నాలుగు గుక్కలు తాగి ఆయాసంతో ఆగిపోయేది, కాసేపటికి మళ్ళీ తాగేది, ఒక్కసారి పాలివ్వడానికి ముప్పావు గంట పట్టేది. ఫ్యాను కింద కూర్చున్నా తాగుతున్నంతసేపూ నుదుటి మీద చెమటలు పోసేవి. వేసవి కదా, ఉక్కపోత అనుకున్నాము. బరువు పెరగలేదు, పాలు చాలడం లేదని ఇంట్లో పెద్దవాళ్ళు పోత పాలు మొదలుపెట్టమన్నారు. నిమ్ము చేసి ఆసుపత్రిలో చేర్చినప్పుడు అక్కడి పిల్లల డాక్టరు మర్మర్ విని ఎకో, అంటే గుండె స్కానింగ్, చేయించారు. గుండె కింది గదుల మధ్య గోడలో పెద్ద రంధ్రం ఉందని తేలింది.

పుట్టినప్పుడు లేనిది తరువాత ఎలా వచ్చిందని మేమూ అడిగాము. రంధ్రం పుట్టుకతోనే ఉందట. పుట్టిన కొత్తలో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి ఎక్కువగా ఉండటం వల్ల రంధ్రం గుండా రక్తం పెద్దగా దాటదని, కొన్ని వారాలకు ఆ ఒత్తిడి తగ్గేసరికి ఎడమ వైపు నుంచి కుడి వైపుకు రక్తం పొంగిపోవడం మొదలై మర్మర్, ఆయాసం రెండూ బయటపడతాయని వివరించారు. మొదట మందులతో ఆయాసం తగ్గించి, ఏడాది నిండకముందే ఆపరేషన్ చేశారు. ఆలస్యమైతే ఊపిరితిత్తుల రక్తనాళాలు గట్టిపడిపోయి, ఆ తరువాత రంధ్రం మూయడం కూడా ప్రమాదమయ్యే దశ వస్తుందని చెప్పారు. ఇప్పుడు పాప బడికి వెళుతోంది, అందరు పిల్లల్లాగే ఆడుతోంది.

నాలుగేళ్ళ పిల్లవాడు సైకిల్ తొక్కుతున్నాడంటే అదొక పరీక్ష. నెలల పసిబిడ్డకు అలాంటి పరీక్ష పాలు తాగడమే, అంతకు మించిన శ్రమ ఆ వయసులో ఇంకేదీ లేదు. ఈ ఒక్క మాట నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

హైదరాబాదు_నాన్న

అనంతపురం మిత్రులు రాసింది చదివాక నాకు ఒక సందేహం కలుగుతోంది. చెవితో విని నిర్ణయించడంలో పొరపాటు జరిగే అవకాశం ఎప్పుడూ ఉంటుంది కదా. ఎకో అంటే అల్ట్రాసౌండే, రేడియేషన్ లేదు, నొప్పి లేదు. అటువంటప్పుడు మర్మర్ ఉన్న ప్రతి బిడ్డకూ ఎకో చేసేస్తే సరిపోతుంది కదా? ఒక్క పరీక్షతో జీవితాంతం నిశ్చింతగా ఉండవచ్చు. డాక్టర్లు వద్దని ఎందుకు అంటారో నాకు అర్థం కావడం లేదు.

పిల్లల_వైద్యురాలు_వరంగల్

మీ ప్రశ్న న్యాయమైనది. నేను ఎకోకు వ్యతిరేకిని కాను. ఏడాది లోపు బిడ్డలో మర్మర్ వినిపిస్తే చాలా త్వరగా ఎకోకు పంపుతాను, నెలలోపు శిశువైతే క్షణం కూడా ఆలోచించకుండా పంపుతాను. డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతోనే ఒక క్రోమోజోము ఎక్కువగా ఉండే స్థితి) ఉన్న పిల్లల్లో దాదాపు సగం మందికి గుండె లోపం ఉంటుంది కనుక మర్మర్ ఉన్నా లేకపోయినా పుట్టగానే ఎకో తప్పనిసరి. కుటుంబంలో చిన్న వయసులో ఎవరైనా హఠాత్తుగా మరణించి ఉన్నా, తల్లికి గర్భం ముందు నుంచే మధుమేహం ఉన్నా, తోబుట్టువుకు గుండె లోపం ఉన్నా పంపుతాను. మన ప్రాంతంలో మేనరికాలు ఎక్కువ. దగ్గరి రక్తసంబంధంలో పెళ్ళిళ్ళు చేసుకున్నవారి పిల్లల్లో ఈ లోపాలు కొంత ఎక్కువగా కనిపిస్తాయి కనుక ఆ సంగతి కూడా అడిగి తెలుసుకుంటాను.

ఈ కారణాలేవీ లేకుండా, చక్కగా ఎదుగుతున్న నాలుగేళ్ళ బిడ్డలో స్టిల్స్ మర్మర్ లక్షణాలన్నీ ఉంటే, అనుభవమున్న పిల్లల గుండె వైద్యులు చెవితో విని, పరీక్షించి చెప్పే మాట దాదాపుగా ఎకో చెప్పే మాటతో సమానంగా ఉంటుంది. ఆ బిడ్డకు ఎకో వల్ల కొత్తగా తెలిసేది చాలా తక్కువ.

నష్టం ఏమిటని మీరు అడగవచ్చు. పెద్దవాళ్ళకు ఎకోలు చేసే కేంద్రంలో పసివాళ్ళకు చేయించినప్పుడు నేను తరచుగా చూసే ఇబ్బందులు రెండు. మొదటిది, చూడవలసినది చూడకపోవడం. పిల్లల గుండె నిర్మాణం వేరుగా చదవాలి. సిరలు ఎటు కలుస్తున్నాయి, బృహద్ధమని (శరీరానికి రక్తం తీసుకువెళ్ళే పెద్ద ధమని) వంపులో నొక్కు ఉందా అన్నవి ఆ చదువు చదివినవారు వెతికితేనే కనపడతాయి. రెండవది దానికి సరిగ్గా విరుద్ధం. రిపోర్టులో ‘చిన్న పీఎఫ్ఓ’ అనో, ‘ట్రివియల్ టీఆర్’ (ఒక కవాటం దగ్గర రక్తం అతి స్వల్పంగా వెనక్కి రావడం) అనో రాసి ఇస్తారు. కడుపులో ఉన్నప్పుడు అందరు పిల్లల గుండెలోనూ పై గదుల మధ్య తలుపులాంటి దారి ఉంటుంది. పుట్టాక అది నెమ్మదిగా మూసుకుంటుంది. పెద్దవాళ్ళలో కూడా నలుగురిలో ఒకరికి కొంచెం తెరిచే ఉంటుంది. పీఎఫ్ఓ అంటే అదే. అది చదివి ‘గుండెలో రంధ్రం’ అని నిర్ణయించుకున్న కుటుంబాలు ఆ బిడ్డను ఏళ్ళ తరబడి ఆటలకు దూరం చేయడం, టీకాలు ఆపేయడం, ఆడపిల్లైతే సంబంధాల విషయంలో దాచుకుని కుమిలిపోవడం నేను చూశాను. గుండె బాగున్న బిడ్డను రోగిగా పెంచడం చిన్న నష్టమేమీ కాదు.

అయినా మీ మాటలో ఒక వాస్తవం ఉంది. మళ్ళీ ఆసుపత్రికి వస్తారో రారో తెలియని కుటుంబానికి, తల్లి రాత్రులు నిద్రపోలేని స్థితిలో ఉన్నప్పుడు, ఒకసారి మంచిచోట ఎకో చేయించి ఆ ప్రశ్నను ముగించడం తప్పని నేను అనను. చేయించేది మాత్రం పిల్లల గుండె వైద్యుల దగ్గరే చేయించండి. చిన్న పిల్లలు కదలకుండా పడుకోరు కనుక కొన్నిసార్లు నిద్ర వచ్చే సిరప్ ఇచ్చి చేస్తారు. దాని మోతాదు ఆసుపత్రిలోనే, వాళ్ళే ఇవ్వాలి.

డాలస్_తెలుగు_నర్సు

నేను టెక్సాస్‌లో నవజాత శిశువుల విభాగంలో పనిచేస్తున్నాను. ఇక్కడి మన తెలుగు కుటుంబాలు కూడా ఇదే విషయంలో కలవరపడుతూ ఉంటాయి. పిల్లల డాక్టరు మర్మర్ విని గుండె వైద్యుడి దగ్గరకు పంపితే, ఆయన పరీక్షించి, ఈసీజీ చూసి, ఎకో అవసరం లేదని పంపివేసిన సందర్భాలు ఉన్నాయి. అప్పుడు ఇండియా నుంచి తాతయ్యలు, అమ్మమ్మలు ఫోన్ చేసి ‘స్కానింగ్ చేయకుండా ఎలా చెప్పారు’ అని అడుగుతారు. వారి ప్రేమ నాకు అర్థమవుతుంది. పరీక్ష చేయకపోవడం కూడా ఒక వైద్య నిర్ణయమేనని వారికి నెమ్మదిగా చెబుతాను.

నేను ముఖ్యంగా రాయదలచుకున్నది దీని రెండవ వైపు గురించి. కొన్ని అతి ప్రమాదకరమైన గుండె లోపాలకు మర్మర్ ఉండదు. గుండె నుంచి బయలుదేరే రెండు పెద్ద ధమనులు తారుమారుగా అమరిన శిశువుల్లో చాలామందికి స్టెతస్కోపులో ఏమీ వినిపించదు, వారికి పుట్టిన మొదటి వారాల్లోనే ఆపరేషన్ జరగాలి. అందుకే అమెరికాలో 2011లో రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని చూపే పల్స్ ఆక్సీమీటరు పరీక్షను నవజాత శిశువుల పరీక్షల జాబితాలో చేర్చారు. పుట్టిన 24 గంటల తరువాత కుడి చేతికి, ఒక పాదానికి మీటరు పెట్టి చూస్తాము. రీడింగు 95 శాతం గాని అంతకన్నా ఎక్కువ గాని ఉండి, చేతికి పాదానికి మధ్య తేడా మూడు శాతం మించకపోతే సరే. 90కి తక్కువ వస్తే వెంటనే వైద్యులు చూడాలి. మధ్యలో ఉంటే గంట ఆగి మళ్ళీ చూస్తాము. ఇందుకు కొన్ని నిమిషాలు చాలు, సూది గుచ్చే పని లేదు. మీ ఇళ్ళలో ప్రసవం దగ్గరపడినవారు ఉంటే, డిశ్చార్జికి ముందు బిడ్డకు ఈ పరీక్ష చేయమని ఆసుపత్రిలో అడగండి.

శ్రీకాకుళం_ఆరోగ్య_కార్యకర్త

ఊళ్ళలో పనిచేసేవారి తరఫున కొన్ని విషయాలు చెబుతాను. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ వరకు పిల్లలను 30 రకాల సమస్యలకు పరీక్షించాలి. అందులో పుట్టుకతో వచ్చే గుండె లోపాలూ, రుమాటిక్ గుండె జబ్బూ ఉన్నాయి. సంచార బృందం అంగన్‌వాడీకి ఏడాదిలో రెండుసార్లు, బడికి ఒకసారి రావాలి. మీ ఊరికి బృందం వచ్చే రోజు అంగన్‌వాడీ టీచరును అడిగితే చెబుతారు. అనుమానం కలిగిన పిల్లలను జిల్లా ఆసుపత్రిలోని డీఈఐసీ కేంద్రానికి (పిల్లల సమస్యలను త్వరగా గుర్తించి చికిత్స చేసే కేంద్రం), అక్కడ నుంచి పెద్ద ఆసుపత్రికి పంపుతారు. ఆపరేషన్ అవసరమైతే ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద అర్హులకు ఉచితంగా జరుగుతుంది. తిరుపతిలో టీటీడీ వారి శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం 2021 నుంచి పనిచేస్తోంది. డబ్బు లేదనే భయంతో బిడ్డను ఇంట్లో ఉంచుకోకండి. నేను ఎక్కువగా బాధపడేది ఈ విషయంలోనే.

మరొక సంగతి, రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల్లో రక్తం తక్కువగా ఉన్నవారు దేశం మొత్తం మీద 67 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63, తెలంగాణలో 70. రక్తం పలుచబడితే గుండె ఎక్కువ రక్తాన్ని వేగంగా నెట్టవలసి వస్తుంది కనుక మర్మర్ వినిపిస్తుందని మా మెడికల్ ఆఫీసరు గారు చెబుతుంటారు. ఏలూరు చెల్లెమ్మా, బాబుకు హిమోగ్లోబిన్ చూశారా?

ఏలూరు_తల్లి

అందరికీ కృతజ్ఞతలు. జ్వరం తగ్గాక మళ్ళీ వెళ్ళాము. డాక్టరు గారు ఈసారి తీరిగ్గా బాబును పడుకోబెట్టి, కూర్చోబెట్టి, నిలబెట్టి విన్నారు. నిలబడితే దాదాపు వినిపించడం లేదన్నారు. తొడల దగ్గర నాడి చూశారు, చేతికీ కాలికీ బీపీ చూశారు, వేలికి మీటరు పెడితే 99 చూపించింది. ఇది అమాయకమైన మర్మరేనని, అంటే గుండె జబ్బు లేకుండా వినిపించేదేనని చెప్పారు. మీ మాట గుర్తుంచుకుని హిమోగ్లోబిన్ గురించి అడిగాను. పరీక్ష చేస్తే 9.2 వచ్చింది. బాబు అన్నం తక్కువ తిని గేదె పాలు ఎక్కువగా తాగుతాడు. పాలు తగ్గించమని, ఐరన్ సిరప్ ఇచ్చారు. మూడు నెలలకు మళ్ళీ వింటానన్నారు.

ఇంకా మూడు సందేహాలు ఉన్నాయి. అయిదేళ్ళ బూస్టరు టీకా వేయించవచ్చా? పంటికి పుచ్చు ఉంది, దానికి చికిత్స చేయించేముందు గుండె కోసం ఏమైనా మందు వాడాలా? మర్మర్ అలాగే ఉండిపోతే పెద్దయ్యాక జబ్బుగా మారుతుందా?

పిల్లల_వైద్యురాలు_వరంగల్

చాలా సంతోషం. టీకా తప్పకుండా వేయించండి. అమాయకమైన మర్మర్‌కు దంత చికిత్స ముందు యాంటీబయాటిక్ అవసరం లేదు. గుండె లోపాలున్న పిల్లల్లో కూడా 2007 నుంచి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సూచన ప్రకారం, సరిచేయని నీలపు జబ్బులు (రక్తంలో ఆక్సిజన్ తగ్గి ఒళ్ళు నీలంగా మారే గుండె లోపాలు), కృత్రిమ కవాటాలు వంటి అతి ప్రమాదం ఉన్న కొద్దిమందికే ఆ మందు ఇస్తారు. పుచ్చుపళ్ళను బాగుచేయించడం మాత్రం అందరికీ మంచిదే. మూడవ ప్రశ్నకు సమాధానం, మారదు. ఎదిగేకొద్దీ చాలామందిలో వినిపించడం మానేస్తుంది, కొందరిలో యవ్వనం వరకు ఉంటుంది, రెండింటికీ ఆందోళన అక్కరలేదు. మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పి, బాబును తనివితీరా పరుగెత్తనివ్వమనండి.

ఐరన్ విషయం మాత్రం వదలకండి. రోజుకు అర లీటరుకు మించి గేదె పాలు గాని ఆవు పాలు గాని తాగే పసివాడికి ఆకలి చచ్చిపోతుంది, పాలలో ఐరన్ దాదాపు ఉండదు. సిరప్‌ను పాలతో కలిపి ఇవ్వకండి, నిమ్మరసంతోనో పండుతోనో ఇస్తే బాగా ఒంటబడుతుంది. మలం నల్లగా వస్తే భయపడకండి, అది మందు రంగే.

నెల్లూరు_మేనత్త

క్షమించండి, ఈ చర్చ మధ్యలో అడుగుతున్నాను. మా తమ్ముడి బిడ్డకు అయిదవ వారం నడుస్తోంది. పుట్టినప్పుడు మర్మర్ లేదని చెప్పి పంపారు. నిన్నటి నుంచి పాలు సరిగా తాగడం లేదు, మూలుగుతోంది, డొక్కలు ఎగరేస్తోంది, పాదాలు చల్లగా ఉన్నాయి. బాలింత చలువ చేసే పదార్థాలు తిన్నదని, అందుకే జలుబు చేసిందని ఇంట్లో అంటున్నారు. మర్మర్ లేదన్నారు కనుక గుండె సమస్య కాదనుకోవచ్చా?

పిల్లల_వైద్యురాలు_వరంగల్

అనుకోవద్దు. ఇది చదవగానే బిడ్డను పిల్లల వైద్యులు, ఐసీయూ ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్ళండి, రేపటి వరకు ఆగవద్దు. వాహనం లేకపోతే 108కి ఫోన్ చేయండి. ఈ వయసులో డొక్కలు ఎగరేయడం, పాలు మానేయడం, మూలగడం ఏ కారణం వల్ల వచ్చినా ప్రాణాపాయ సూచనలే. అక్కడి డాక్టరుకు కాళ్ళు చల్లగా ఉన్న సంగతి ప్రత్యేకంగా చెప్పి, కాళ్ళలో నాడి చూడమని అడగండి.

నెల్లూరు_మేనత్త

ఆ రాత్రే తీసుకువెళ్ళాము. చేతుల్లో నాడి అందుతోంది గానీ కాళ్ళలో అందడం లేదని చెప్పి ఎకో చేశారు. శరీరానికి రక్తం తీసుకువెళ్ళే పెద్ద ధమనిలో ఒకచోట బాగా నొక్కుకుపోయి ఉందట. మందులతో నిలబెట్టి, పెద్ద ఆసుపత్రికి పంపి ఆపరేషన్ చేశారు. బిడ్డ ఇప్పుడు పాలు తాగుతోంది. ఇంతకంటే రాయలేకపోతున్నాను. మీ అందరికీ మా కుటుంబం రుణపడి ఉంటుంది.

అనంతపురం_తండ్రి

చాలా మంచి వార్త చెప్పారమ్మా. మా పాపకు శ్వాస లెక్కపెట్టడం ఆసుపత్రిలో నర్సమ్మ నేర్పింది, అది ఇక్కడ రాసి ఉంచుతాను. బిడ్డ నిద్రలో గాని ప్రశాంతంగా గాని ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పూర్తిగా ఒక నిమిషం పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు 60, రెండు నెలల నుంచి ఏడాది వరకు 50, ఏడాది నుంచి అయిదేళ్ళ వరకు 40, ఈ అంకెలను చేరినా దాటినా ఆసుపత్రికి వెళ్ళాలి. రంగు చూడవలసింది నాలుక మీద, చిగుళ్ళ మీద. పుట్టిన కొత్తలో చలికి చేతులు కాళ్ళు కొంచెం నీలంగా మారడం మామూలేనట, నాలుక నీలంగా మారితే మాత్రం మామూలు కాదు. ఏడ్చి ఏడ్చి ఒక్కసారిగా నల్లబడి, వేగంగా ఊపిరి తీస్తే బిడ్డ మోకాళ్ళను ఛాతీకి ఆనించి పట్టుకుని, సముదాయిస్తూ వెంటనే బయలుదేరాలని కూడా ఆవిడ చెప్పింది. అటువంటి నీలపు జబ్బు ఉన్న పిల్లలు కొంచెం పెద్దయ్యాక నడుస్తూ నడుస్తూ గొంతుకు కూర్చుంటారని అక్కడి వార్డులోనే చూశాను.

ఖమ్మం_ఉపాధ్యాయుడు

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. ఇక్కడి చర్చ అంతా పుట్టుకతో వచ్చే లోపాల గురించి సాగింది. మా ఆరవ తరగతి అమ్మాయి ఒకరికి మోకాలు వాచి, అది తగ్గాక మడమ వాచి, జ్వరంతో చాలా రోజులు బడి మానేసింది. కీళ్ళనొప్పులని ఊళ్ళో వైద్యం చేయించారు. తరువాత బడికి వచ్చిన వైద్య బృందం కొత్తగా మర్మర్ ఉందని పంపితే, రుమాటిక్ గుండె జబ్బు అన్నారు. మూడు వారాలకోసారి ఇంజెక్షన్ వేయించమన్నారు. ఇప్పుడు అమ్మాయి బాగానే ఉందని, ఆ సూది చాలా నొప్పి అని తల్లిదండ్రులు ఆపేయాలనుకుంటున్నారు. నేను వారికి ఏమని చెప్పాలి?

పిల్లల_వైద్యురాలు_వరంగల్

మాస్టారూ, ఈ ప్రశ్న అడిగి ఎంతో మేలు చేశారు. అయిదు నుంచి పదిహేనేళ్ళ మధ్య, అంతకుముందు లేని మర్మర్ కొత్తగా వస్తే, దానికి ముందు జ్వరం, ఒక కీలు తగ్గి మరొక కీలు వాచడం ఉంటే, అది అమాయకమైనదని ఎవరూ అనుకోకూడదు. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మక్రిమి వల్ల గొంతు నొప్పి వచ్చిన రెండు మూడు వారాలకు శరీరపు రక్షణ వ్యవస్థ పొరపాటున సొంత కీళ్ళ మీద, గుండె కవాటాల మీద దాడి చేయడం వల్ల ఈ జబ్బు వస్తుంది. కీళ్ళ వాపు పూర్తిగా తగ్గిపోతుంది, కవాటానికి జరిగిన గాయం మాత్రం మిగిలిపోవచ్చు. కొందరు పిల్లల్లో చేతులు వాటంతట అవే కదలడం, రాత వంకరపోవడం కనిపిస్తాయి. బడిలో అల్లరి అని దండిస్తుంటారు, మీ తోటి ఉపాధ్యాయులకు ఈ విషయం చెప్పండి.

ఆ ఇంజెక్షన్ బెంజథీన్ పెన్సిలిన్. అది ఇప్పుడున్న నొప్పికి మందు కాదు. గొంతులో ఆ క్రిమి మళ్ళీ చేరకుండా కాపు కాస్తుంది. మళ్ళీ మళ్ళీ దాడి జరిగిన ప్రతిసారీ కవాటం మరింత చెడుతుంది, చివరకు ఆపరేషన్ చేసి కవాటం మార్చవలసి వస్తుంది. అమ్మాయి బాగుందంటే సూది పనిచేస్తోందని అర్థం. గుండెకు తగిలిన పిల్లలకు కనీసం పదేళ్ళు లేదా 21 ఏళ్ళు వచ్చేవరకు, ఏది ఎక్కువైతే అది, కొందరికి అంతకన్నా ఎక్కువ కాలం వేయాలి. ఎప్పుడు ఆపాలన్నది గుండె వైద్యులే చెప్పాలి.

నొప్పి తగ్గించడానికి మందును గది వేడికి వచ్చాక నెమ్మదిగా ఎక్కించమని, వేసేముందు ఆ చోట కాసేపు గట్టిగా నొక్కి పట్టమని నర్సును అడగండి. వేసిన తరువాత కనీసం అరగంట ఆసుపత్రిలోనే కూర్చోబెట్టాలి, అందువల్ల ఇంటి దగ్గర వేయించకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే వేయించండి. తల్లిదండ్రులు కూలికి వెళ్ళేవారైతే తేదీలు మరిచిపోవడం సహజం. వీలైతే ఆ తేదీలను మీ హాజరు పట్టీ వెనుక రాసుకుని, ముందురోజు అమ్మాయికి గుర్తు చేయండి.

ఖమ్మం_ఉపాధ్యాయుడు

తప్పకుండా గుర్తు చేస్తాను మేడమ్. సోమవారం వారి తల్లిని బడికి పిలిపించి, మీరు రాసింది చదివి వినిపిస్తాను. తరువాతి ఇంజెక్షన్‌కు మా ఏఎన్ఎం గారిని కూడా తోడుగా వెళ్ళమని అడుగుతాను.